ఇళ్లు కట్టడానికి వెళ్తే, కట్టొద్దన్నారు: నేపాల్‌లో నా అనుభవం

విదేశీ సాయం ఏదైనా ఆ దేశం సొంత ప్రణాళిక ప్రకారమే నడవాలని మీటింగుల్లో అందరూ ఒప్పుకుంటారు. 2005లో పారిస్‌లో, 2011లో బూసాన్‌లో దేశాలన్నీ కూర్చుని ఇదే రాసుకున్నాయి కూడా. ఆ కాగితాలు నేను చదివింది చాలా తర్వాత. వాటికంటే ముందు నేపాల్‌లోని నువాకోట్ జిల్లాలో, ఒక యూరప్ స్వచ్ఛంద సంస్థలో ఇంజినీరుగా ఉన్నప్పుడు అనుమతుల ఫైళ్లు మోస్తూ తెలుసుకున్నదే ఎక్కువ. మనవాళ్లు ఎవరైనా ఈ రంగంలోకి వెళ్తుంటే పనికొస్తుందని రాస్తున్నా. సంస్థ పేరు మాత్రం అడగొద్దు.

మాది విశాఖ దగ్గర. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చాక కొంతకాలం ఇళ్ల పనుల్లో తిరిగాను, అది చూసే నన్ను తీసుకున్నారు. 2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో 7.8 తీవ్రతతో భూకంపం, మే 12న మళ్లీ 7.3. దాదాపు 9 వేల మంది పోయారు, 5 లక్షల దాకా ఇళ్లు పూర్తిగా కూలిపోయాయి. ఎక్కువ భాగం రాయీ మట్టీ కలిపి కట్టిన కొండ ఇళ్లు. జూన్ 25న ఖాట్మండులో దాతల సదస్సు పెడితే 440 కోట్ల డాలర్ల వాగ్దానాలు వచ్చాయి. అంత డబ్బు కళ్ల ముందు ఉన్నా ఊళ్లలో ఒక్క పక్కా ఇల్లు లేవడానికి ఏడాది పైన ఎందుకు పట్టిందన్నది నేను అక్కడికి వెళ్లాక అర్థమైంది.

మా సంస్థ భూకంపం వచ్చిన వారాల్లోనే వాళ్ల దేశంలో చందాలు పోగుచేసింది. చందా ఇచ్చినవాళ్లకు చెప్పింది "ఇళ్లు కట్టిస్తాం" అని. అక్కడి హెడ్డాఫీసులో డిజైన్ కూడా సిద్ధం: రెండు గదులు, వరండా, స్టీల్ ఫ్రేము, రేకుల కప్పు, ముందు గోడ మీద సంస్థ గుర్తు. రెండు మూడు ఊళ్లు ఎంచుకుని మొత్తం కట్టేసి, తాళాలిచ్చి, ఫొటోలు తీసుకుని రావాలన్నది ప్లాను. చెడ్డ ఉద్దేశం కాదు. 2016 మొదట్లో నేను చేరేటప్పటికి ఆ డబ్బు బ్యాంకులో ఉంది, డిజైను నా ల్యాప్‌టాప్‌లో ఉంది, లేనిది అనుమతి ఒక్కటే.

అనుమతి ఇచ్చేవాళ్లే అప్పటిదాకా లేరు. ఈ పనులన్నీ చూడాల్సిన ప్రభుత్వ సంస్థ పునర్నిర్మాణ ప్రాధికరణం, దాన్ని మొదట ఆర్డినెన్సుతో పెట్టారు, పార్లమెంటు దాన్ని చట్టంగా మార్చలేదు, అది మురిగిపోయింది. ఈలోపు కొత్త రాజ్యాంగం గొడవ, సెప్టెంబరు నుంచి భారత్ సరిహద్దులో సరకు ఆగిపోవడం, పెట్రోలు లేదు, గ్యాస్ లేదు. చివరికి చట్టం వచ్చి ప్రాధికరణం పని మొదలుపెట్టింది 2015 డిసెంబరు ఆఖర్లో. అప్పటికి ఒక వర్షాకాలం, సగం చలికాలం జనం రేకుల కింద గడిపేశారు. (సరిహద్దు విషయం నేపాలీ మిత్రుల ముందు ఎత్తినప్పుడు నేను భారతీయుడినన్న సంగతి అందరికీ ఒక్కసారిగా గుర్తొచ్చేది. నేను టీ తాగుతూ వినేవాణ్ణి.)

విదేశీ సంస్థ అయితే ముందు సమాజ కల్యాణ పరిషత్‌తో (స్వచ్ఛంద సంస్థలను చూసే ప్రభుత్వ విభాగం) సాధారణ ఒప్పందం ఉండాలి, తర్వాత ఒక్కో ప్రాజెక్టుకూ వేరే ఒప్పందం. భూకంపం పనికైతే దానికి ముందు ప్రాధికరణం ఒప్పుకోవాలి. ప్రాధికరణం ఒప్పుకోవాలంటే జిల్లా నుంచి అవసరం ఉందని రావాలి. జిల్లావాళ్లు చెప్పాలంటే ఊరి కార్యాలయం సిఫార్సు కావాలి. ఆ ఊరి కార్యాలయంలో ఎన్నికైనవాళ్లు ఎవరూ లేరు, అక్కడ స్థానిక ఎన్నికలు జరిగి అప్పటికే రెండు దశాబ్దాలు కావస్తోంది. ఉన్నది ఒక్క కార్యదర్శి, ఆయనకు రెండు మూడు ఊళ్లు. ఆయన్ని పట్టుకోవడమే ఒక పని.

దరఖాస్తు తేదీలు నేపాల్ ప్రభుత్వం వాడే విక్రమ సంవత్సరంలో రాయాలి, మా వాళ్ల బడ్జెట్టు ఇంగ్లిష్ సంవత్సరంలో ఉంటుంది. 2072 చైత్రంలో మొదలుపెట్టి 2074 ఆషాఢంలో ముగించే ప్రాజెక్టుకు త్రైమాసిక నివేదిక ఎప్పుడు ఇవ్వాలో హెడ్డాఫీసు అకౌంటెంటుకు ఫోనులో చెప్పి చూడండి, తెలుస్తుంది.

అసలు దెబ్బ ఖాట్మండులో తగిలింది. ప్రాధికరణంలో మా ఫైలు చూసిన అధికారి మా డిజైను కాగితాలు తిప్పి తిప్పి, చాలా మర్యాదగా, ఇది కుదరదన్నారు. ప్రభుత్వం విధానం ఒకటే: ఇల్లు యజమానే కట్టుకోవాలి, అందరికీ ఒకే మొత్తం, అది లబ్ధిదారు బ్యాంకు ఖాతాలోకే పోవాలి. మేం వాదించాం. డబ్బు మాది, మీ ఖజానా నుంచి రూపాయి అక్కర్లేదు, ఇంకా మీకే మిగులు కదా సార్ అన్నాను.

"ఇంజినీరు గారూ, మీరు కట్టిన ఇంటి పక్కన ఇంకొకడు ఉంటాడు. వాడికి మేం ఇచ్చేది రెండు లక్షలు. మీ ఇల్లు పది లక్షలది. రేపు వాడు వచ్చి కూర్చునేది నా ఆఫీసు ముందు, మీ ఆఫీసు ముందు కాదు. మీరు రెండేళ్లలో వెళ్లిపోతారు."

దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. ఆ అధికారి అన్న మాటే ఈ మొత్తం వ్యవహారం. ప్రాధాన్యం ఎవరిదైతే వాళ్లే రేపు జనానికి సమాధానం చెప్పుకోవాలి, కాబట్టి గీత వాళ్లే గీస్తారు. మాలాంటివాళ్లం ఆ గీత లోపల ఖాళీ ఎక్కడుందో వెతుక్కోవాలి. మా బాస్ మాత్రం బయటికి రాగానే దీన్ని "బ్యూరోక్రసీ" అన్నాడు.

ఆ ప్రభుత్వ పథకం మన తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. ఇందిరమ్మ ఇళ్లకు బేస్‌మెంట్ లెవల్ బిల్లు, లింటెల్ బిల్లు, స్లాబ్ బిల్లు అని విడతలుగా వచ్చేది కదా, అదే పద్ధతి. మొదట 2 లక్షల నేపాలీ రూపాయలన్నారు, 2016లోనే దాన్ని 3 లక్షలు చేశారు. మన డబ్బులో 1,87,500. ఒప్పందం మీద సంతకం పెట్టగానే 50 వేలు, పునాది ప్లింత్ దాకా లేచి ఇంజినీరు చూసి సరే అంటే లక్షన్నర, గోడలు పైకప్పు మట్టానికి వస్తే మిగతా లక్ష. ప్రతి దశలోనూ భూకంపాన్ని తట్టుకునే నియమాలు పాటించాలి: మూలల్లో నిలువు కడ్డీలు, కిటికీ కింద బ్యాండు (గోడల చుట్టూ తిరిగే పట్టీ), లింటెల్ దగ్గర బ్యాండు, ఇలా. ప్రభుత్వం 17 డిజైన్లతో ఒక పుస్తకం కూడా వేసింది.

ఈ 3 లక్షల్లో ప్రపంచ బ్యాంకు అప్పు ఉంది, జపాన్ డబ్బు ఉంది, ఇంకా కొన్ని దేశాలు కలిసి పెట్టిన నిధి ఉంది. భారత ప్రభుత్వం గోర్ఖాలో 26,912 ఇళ్లకు, మా నువాకోట్‌లో 23,088 ఇళ్లకు, వెరసి 50 వేల ఇళ్లకు సాయం చేసింది. ఎవరి డబ్బైనా ఇంటి యజమాని ఖాతాలో పడేది అదే మొత్తం, అవే మూడు విడతలు. పెద్ద దాతలను ప్రభుత్వం ఆ ఒక్క గొట్టంలోకి దించగలిగింది. చిన్న దేశం, అందులోనూ నెలనెలా కుదుపులతో ఉన్న ప్రభుత్వం, ఇది సాధించడం మామూలు విషయం కాదని నా అభిప్రాయం. మాలాంటి సంస్థలే దారికి రాలేదు.

మరి మేమేం చేయాలి? ప్రాధికరణం వాళ్లే చెప్పారు: ఇంజినీర్లు చాలట్లేదు, మేస్త్రీలు లేరు, జనానికి నియమాలు తెలియవు, అవి చూడండి. మేస్త్రీలు ఎందుకు లేరంటే, ఊళ్లలో చేవ ఉన్న మగాళ్లందరూ ఖతార్‌లో, మలేషియాలో ఉన్నారు. నిజామాబాద్, కరీంనగర్ ఊళ్లు తెలిసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. దోహాలో ఎవరిదో టవర్ కడుతున్న మనిషికి సొంత ఊళ్లో కూలిన ఇల్లు కట్టుకోవడానికి మనిషి దొరకడు.

ప్రాజెక్టు మళ్లీ మొదటి నుంచి రాశాం. ఇళ్లు తీసేశాం. మేస్త్రీల శిక్షణ, ఊరూరా తిరిగే సాంకేతిక బృందం, ఊరికొక నమూనా ఇల్లు, దెబ్బతిన్న తాగునీటి లైన్లు. ఇక హెడ్డాఫీసును ఒప్పించాలి. ఆ ఫోన్ కాల్స్ టెన్షన్ జిల్లా ఆఫీసులో పడిగాపుల కంటే ఎక్కువ. "చందాదారులకు ఇళ్లు చూపిస్తామన్నాం, శిక్షణ సర్టిఫికెట్లు చూపిస్తే ఏమంటారు?" అన్నది వాళ్ల బాధ. చివరికి ఒక దారి కనిపెట్టారు. మా మేస్త్రీలు, మా ఇంజినీర్లు సాయం చేసిన ప్రతి ఇంటినీ మా ఖాతాలో వేసుకోవడం. అదే ఇంటిని డబ్బిచ్చిన దాత తన లెక్కలో రాసుకుంటాడు, ప్రభుత్వం తన లెక్కలో రాసుకుంటుంది. నువాకోట్‌లో దాతల వార్షిక నివేదికలన్నీ తెచ్చి కూడితే, జిల్లాలో కూలిన ఇళ్లకంటే కట్టిన ఇళ్లే ఎక్కువని తేలినా నేను ఆశ్చర్యపోను.

ఏ ఊరు ఎవరికి అన్నది ఇంకో కథ. ఇళ్ల పునర్నిర్మాణం మీద పనిచేసే సంస్థలన్నిటికీ ఒక ఉమ్మడి వేదిక ఉండేది, దాని జిల్లా మీటింగులో ఎవరు, ఏం, ఎక్కడ, ఎప్పుడు, ఎవరికోసం అని ఒక పట్టిక నింపించేవాళ్లు. మొదటిసారి ఆ పట్టికను మ్యాపు మీద పెట్టి చూపించినప్పుడు గది అంతా నిశ్శబ్దం. రోడ్డు పక్క ఊళ్లలో ఒక్కోదానికి ముగ్గురు నలుగురు, జీపు దిగి నడవాల్సిన ఊళ్లలో ఎవరూ లేరు. మీటింగ్ అంటే నాకు పెద్దగా గౌరవం లేదు గానీ ఆ మ్యాపు ఒక్కటి మాత్రం పని చేసింది. జిల్లా అధికారి దాన్ని చూపించి, సంస్థలను ఒక్కొక్కరినీ కొండెక్కించారు. మాకు దక్కిన ఊరికి వానాకాలంలో జీపు వెళ్లదు.

శిక్షణల విషయంలోనూ అంతే. మొదట్లో ఒక సంస్థ మూడు రోజులు చెప్పేది, ఇంకోటి ఐదు రోజులు, ఒకరు భత్యం ఎక్కువ ఇస్తారు, ఇంకొకరు టోపీ, బూట్లు ఇస్తారు. మేస్త్రీలు తెలివైనవాళ్లు, భత్యం చూసి తరగతి ఎంచుకునేవాళ్లు. తర్వాత ప్రభుత్వం ఒకే పాఠ్యాంశం పెట్టింది: పని వచ్చినవాళ్లకు 7 రోజులు, కొత్తవాళ్లకు 50 రోజుల పాటు నిజమైన ఇంటి మీదే పని నేర్పడం. భత్యమూ ఒక్కటే చేయమన్నారు. ఆ 50 రోజుల శిక్షణకు మా ఊళ్లో వచ్చినవాళ్లలో ఆడవాళ్లు బాగా ఉన్నారు. ఒక దీదీ గోడ మూలలో కడ్డీ నిలబెడుతుంటే ఊరి పెద్దాయన ఒకాయన రోజూ వచ్చి కూర్చుని తప్పులు వెతికేవాడు. దొరకలేదు. ఆయన ఇంటి పునాది కూడా ఆమే వేసింది.

పథకంలో లోపాలు లేవని కాదు. 3 లక్షల్లో కుటుంబానికి సరిపోయే ఇల్లు రాదు, కొండ మీదికి సిమెంటు మోసే కూలికే సగం పోతుంది. 2 శాతం వడ్డీకి పునర్నిర్మాణ రుణాలు అని ప్రకటించారు, బ్యాంకులు ఇచ్చింది బహు తక్కువమందికి. దాంతో జనం వడ్డీ వ్యాపారి దగ్గరికి వెళ్లారు, లేదా ఒక్క గది కట్టి మూడు విడతలూ తీసుకున్నారు. నియమాల ప్రకారం ఆ గది ఇల్లే. అందులో ఎవరూ ఉండరు, మేకలో మొక్కజొన్నో ఉంటాయి, మనుషులు పక్కనున్న పగుళ్ల పాత ఇంట్లోనే. పట్టా కాగితం, వాళ్లు లాల్‌పుర్జా అంటారు, అది లేనివాళ్లు మొదట్లో జాబితాలోకే ఎక్కలేదు. జాతీయ ప్రాధాన్యం అని మనం గౌరవంగా పలికేదానిలో ఇలాంటివాళ్లు మొదటి రోజు ఉండరు. ఊళ్లో తిరిగేవాడు పైకి చెప్తూ ఉండాలి. మేం నెలనెలా చెప్పేవాళ్లం, మాతోపాటు ఇంకా చాలామంది చెప్పారు. కొన్ని మారాయి. నియమం తప్పిన ఇంటిని కూల్చకుండా సరిదిద్దుకోవడం ఎలాగో చెప్పే పుస్తకం 2017లో వచ్చింది. 70 దాటిన వృద్ధులు, 65 దాటిన ఒంటరి మహిళలు, వికలాంగులు, పెద్దదిక్కు లేని పిల్లలు, ఇలాంటి ఇళ్లను వేరే జాబితా చేసి, వాళ్లకు అదనంగా 50 వేలు సంస్థలు ఇవ్వొచ్చన్నారు. ఇది మాకు పండగ. ఎందుకంటే హెడ్డాఫీసులో మిగిలిన ఇళ్ల డబ్బుకు ఇదొక్కటే తలుపు.

అన్నిటికంటే నన్ను ఏడిపించింది క్యాలెండరు. నేపాల్ ఆర్థిక సంవత్సరం జూలై మధ్యలో మొదలవుతుంది, అంటే సరిగ్గా కుండపోత వానల్లో. బడ్జెట్టు వచ్చి, అధికారం కిందికి దిగి, జిల్లాకు డబ్బు చేరేసరికి దసరా. దసరాకు దేశం మొత్తం ఇంటికి వెళ్తుంది, తర్వాత తీహార్, అంటే దీపావళి. నవంబరు నుంచి మే దాకా కట్టుబడి పని. మళ్లీ ఆషాఢం వచ్చేసరికి సంవత్సరాంతం, మిగిలిన డబ్బు వెనక్కి పోతుందని ఆఫీసులన్నీ ఒక్కసారిగా ఖర్చు పెడతాయి. "ఆషాఢ వికాసం" అని వాళ్లే వెక్కిరించుకుంటారు. మా సంస్థ ఏడాది జనవరిలో మొదలై డిసెంబరులో ముగుస్తుంది. డిసెంబరులో పని ఊపందుకునేది, అప్పుడే మా అకౌంట్స్ వాళ్లు ఖాతాలు మూయాలని కూర్చునేవాళ్లు. ప్రణాళికలో పదాలు కలపడం తేలికే, చెక్కులు కలవాలి. నా మాట వింటే, మొదటి ఒప్పందంలోనే ఆ దేశం ఆర్థిక సంవత్సరాన్ని మీ ప్రాజెక్టు సంవత్సరంగా రాయించుకోండి. మేం రెండో ప్రాజెక్టుకు అలా రాయించుకున్నాం, సగం తగాదాలు పోయాయి.

అంతా కుదురుకుంటోందనుకునేసరికి 2017 మార్చిలో పాత గ్రామ వ్యవస్థే పోయింది. కొత్త రాజ్యాంగం ప్రకారం గావుంపాలికలు (గ్రామ పాలికలు), నగరపాలికలు వచ్చాయి, నువాకోట్‌లో మొత్తం 12. మేం సంతకాలు చేసిన కార్యాలయం ఇప్పుడు వార్డు. ఆ ఏడాదే ఎన్నికలు, ఇరవై ఏళ్ల తర్వాత ఎన్నికైన నాయకులు. మా పాలిక కొత్త అధ్యక్షుడిని కలిసి మా మేస్త్రీల శిక్షణ గురించి చెప్తే ఆయన ఓపిగ్గా విని, "అది సరే, డోజర్ ఎన్ని గంటలు ఇప్పించగలరు?" అన్నారు. ఆయనకు రోడ్డు కావాలి. ఓటేసినవాళ్లు రోడ్డే అడిగారు, ఆయన తప్పేమీ లేదు. కానీ వాన పడితే ఆ డోజర్ రోడ్లు జారి కింద ఇళ్ల మీద పడుతున్నాయి, మేం సాయం చేస్తున్న ఇళ్లతో సహా. ఖాట్మండులో ప్రాధికరణం చెప్పేది ఒకటి, పాలికకు కావాల్సింది ఇంకొకటి. రెండూ ప్రభుత్వాలే. దేశ ప్రాధాన్యం అంటే ఎవరి ప్రాధాన్యం అన్నది ఏ పారిస్ కాగితంలోనూ దొరకదు. మేం చివరికి ఆ రోడ్డుకు పక్క కాలువలు, రాతికట్టు గోడలు డిజైన్ చేసి ఇచ్చాం, బదులుగా పాలిక మా మేస్త్రీలకు ఆ గోడల పని ఇచ్చింది. హెడ్డాఫీసు నివేదికలో దీన్ని ఏ శీర్షిక కింద పెట్టాలో ఎవరికీ తెలియక "ఇతర" అని రాశారు. నా దృష్టిలో అక్కడ మేం చేసినవాటిలో బాగా కుదిరిన పనుల్లో అదొకటి.

ఇంటి గోడ మీద సంస్థ గుర్తు సంగతి చెప్పలేదు కదా. పడలేదు. నమూనా ఇంటి మీద చిన్న రేకు పెట్టుకోనిచ్చారు, ప్రభుత్వం పేరు పైన, మా పేరు కింద.

ప్రాధికరణం గడువు 2021 డిసెంబరులో ముగిసింది, దాని మిగులు పనులు విపత్తుల సంస్థకు వెళ్లాయి. 2023 నవంబరు 3 రాత్రి పశ్చిమాన జాజర్‌కోట్‌లో భూకంపం వచ్చి 150 మందికి పైగా చనిపోయారు. ఈసారి తాత్కాలిక గూటికి 50 వేలు, రెండు విడతల్లో అన్నారు. నాతో నువాకోట్‌లో పనిచేసిన ఒక తమ్ముడు అక్కడి పనిలోకి వెళ్లి కొన్నాళ్లకు ఫోన్ చేశాడు. "దాయీ (అన్నా), ఆ 7 రోజుల శిక్షణ ఫైళ్లు, ఊళ్ల పట్టిక నమూనా నీ దగ్గర ఉన్నాయా? ఇక్కడ మళ్లీ ఎవరికి వాళ్లే మొదలుపెట్టారు" అన్నాడు. ఉన్నాయి. పంపించాను. విక్రమ సంవత్సరం, ఇంగ్లిష్ సంవత్సరం పక్కపక్కన పెట్టి నేను చేసుకున్న ఎక్సెల్ షీటు కూడా జత చేశాను.